మామ్మ త్యాగమూర్తి కాదు, నూలు కార్మికురాలు

(పొందూరులో జరిగిన సంస్మరణ సభలో మనవరాలు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా మామ్మ గురించి మాట్లాడిన పెద్దలంతా ఒకే మాట అన్నారు. ‘త్యాగమూర్తి’ అన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఆ మాటతో నాకు పేచీ ఉంది. మన దగ్గర ఏ ముసలమ్మ పోయినా ఆ మాటతోనే సాగనంపుతాం. ఆవిడ ఎంత పని చేసింది, ఆ పనికి ఎంత కూలి వచ్చింది, ఎంత రాకుండా పోయింది అన్న లెక్క ఆ మాట చాటున మరుగున పడిపోతుంది. ఆ లెక్క చెప్పడానికే నేను నిలబడ్డాను.

మామ్మ తొంభై ఏళ్లు దాటి బతికింది. ఆవిడ పుట్టేనాటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు. 1950 ఆగస్టు 15న జిల్లా అయింది. 1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 2014లో అదీ రెండయింది. మామ్మ ఉన్న ఇల్లు కదలలేదు గానీ రాజధానులు మద్రాసు నుంచి కర్నూలుకి, కర్నూలు నుంచి హైదరాబాదుకి, అక్కడి నుంచి అమరావతికి కదిలాయి. నూలు చిలపలు సంచిలో వేసుకుని ఆవిడ నడిచిన దారి మాత్రం మారలేదు. ఆ దారి ఏ రాజధానికి కనబడింది?

బయటి నుంచి వచ్చిన విద్యార్థుల కోసం ఆ పనేమిటో చెబుతాను. పొందూరు సన్న ఖద్దరంటే ఎంత పేరో మీకు తెలుసు. గాంధీగారు ఈ నేతను చూసి రమ్మని కొడుకు దేవదాసును ఇక్కడికి పంపారు. నాయకులు కట్టారు, అక్కినేని నాగేశ్వరరావుగారు కట్టారు. ఆ పంచె వెనక ఏముందో కట్టిన వాళ్లలో ఎందరికి తెలుసు? కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వాలి. గింజ తీయాలి. విల్లుతో దూది ఏకాలి. ఏకులు చేసుకోవాలి. ఆ తరవాత రాట్నం ముందు కూర్చుని నూరో నంబరు నూలు తియ్యాలి. చెయ్యి ఒక్క పిసరు బిగిస్తే పోగు తెగుతుంది. వదిలితే ముద్దవుతుంది. ఈ పనంతా ఆడవాళ్లదే. పంచె మీద మాత్రం వాళ్ల పేరుండదు.

ముప్పై ఏళ్లకే తాతయ్య పోయాడు. ముగ్గురు పిల్లలు. పుట్టింటివాళ్లు రమ్మన్నారు, అత్తింటివాళ్లు తమ పంచన ఉండమన్నారు. ఇద్దరికీ దండం పెట్టి తన పాకలోనే ఉండిపోయింది. ఆవిడ మాట మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు: ‘నా సెయ్యి ఆడతన్నన్నాళ్లు ఇంకొకలి సెయ్యి కింద నానెందుకుంతాను?’

అంతమాత్రాన చుట్టాలను దూరం పెట్టిందనుకునేరు! కుటుంబమంటే ఆవిడకు ప్రాణం. అన్నదమ్ములు గట్టు తగువు పెట్టుకుంటే ఇద్దరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి చోడి అంబలి పోసింది. నా చదువు ఫీజు కట్టలేక నాన్న తలపట్టుకుంటే కొంగుముడి విప్పింది. విశాఖపట్నంలో కొడుకు దగ్గరకు సంక్రాంతికి వెళ్లేది, వారం తిరక్కుండా వచ్చేసేది. ‘కోడలింటికి సుట్టంలాగెళ్లాల, బరువులాగెళ్లకూడదే గుంటా’ అనేది. కోడళ్లిద్దరూ ఆవిడ కోసం ఎదురుచూసేవారు. ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేదు కాబట్టే ఆవిడ అందరినీ భయం లేకుండా ప్రేమించగలిగింది. ఆ ధైర్యం ఆవిడకు ఇచ్చింది రాట్నమే.

ఆస్తి సంగతి చెబుతాను. మన రాష్ట్రం 1986లో చట్టం చేసి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. మంచి చట్టం. కానీ అప్పటికే పెళ్లయిన ఆడవాళ్లకు అది వర్తించలేదు. మామ్మలాంటి వాళ్లకు సెంటు భూమి రాలేదు. ఆవిడ ఆస్తల్లా ఒక రాట్నం, పది వేళ్లు.

ఆ వేళ్లకు జరిగిన అవమానం కూడా వినండి. ముసలితనంలో పింఛను కోసం ఒక ఆఫీసుకు తీసుకెళ్లాం. వేలిముద్ర పెట్టమన్నారు. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడలేదు. రెండో వేలు, మూడో వేలు, పదీ అయిపోయాయి. జీవితమంతా పోగు రాసుకుని రాసుకుని వేళ్ల మీద గీతలే అరిగిపోయాయి. మిషన్ ‘ఈమె ఎవరో తెలీదు’ అన్నట్టు ఎర్రలైటు చూపించింది. దేశానికి ఖద్దరు కట్టబెట్టిన వేళ్లను దేశం గుర్తుపట్టలేదు! నాలుగుసార్లు తిరిగాం. ఐదోసారి మామ్మే రానంది. ‘ఆల్లకి నా యేలు అక్కర్నేదు, నాకు ఆల్ల డబ్బులక్కర్నేదు’ అని రాట్నం ముందు కూర్చుంది. అందరూ దాన్ని ఆత్మగౌరవమన్నారు. ఆత్మగౌరవమే. కానీ ఆవిడకు రావలసింది ఎగ్గొట్టడానికి దాన్ని సాకుగా వాడుకోకూడదు.

మిత్రులారా! ఈ సభలో రాట్నం పట్టగలిగిన వాళ్లు లేచి నిలబడమంటే ఎవరు లేస్తారు? అరవై దాటిన అమ్మలే. వాళ్ల కూతుళ్లు ఎందుకు నేర్చుకోలేదు? బద్ధకమా? రోజంతా వడికినా చిలపల మీద వచ్చే కూలి కంటే బయట కూలిపనే నయం కాబట్టి. అందుకే మన పిల్లలు విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి బండెక్కుతున్నారు. వలస గురించి మనం రాసే ప్రతి కరపత్రంలో ఈ రాట్నం లెక్క కూడా ఉండాలి.

ఇక్కడ 1949 నుంచి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. 1955లో వినోబాభావే చేతుల మీదుగా దాని భవనానికి శంకుస్థాపన జరిగింది. కొన్న పత్తికీ నేసిన గుడ్డకూ మధ్య సంఘం ఒక్కటే ఎంత మొయ్యగలదు? అడగవలసింది ప్రభుత్వాలను. చిలప ధర బియ్యం ధరతో పాటు పెరగాలి. అరిగిన వేళ్లకు ముద్ర అడగకుండా పింఛను ఇవ్వాలి. కొండపత్తి పండించే రైతుకు గిట్టుబాటు కావాలి. నేర్చుకోవడానికి ముందుకొచ్చే ఆడపిల్లకు నేర్చుకున్నన్నాళ్లూ భృతి ఇవ్వాలి. మరనూలు గుడ్డను పొందూరు పేరుతో అమ్మేవాళ్లను పట్టుకోవాలి.

మన ప్రాంతం ఒకరి చేతికింద ఉండకూడదంటున్నాం. న్యాయమే. మరి మన ఇళ్లలో ఆడవాళ్లు? సొంత సంపాదన, సొంత గడప, సొంత మాట వాళ్లకు లేకపోతే మనం కోరే స్వయంపాలన ఎవరిది?

సభ అయ్యాక మామ్మ ఫొటోకు దండలు వెయ్యండి, సంతోషం. వెళ్లేటప్పుడు మాత్రం మీ వీధిలో ఇంకా నూలు తీస్తున్న అమ్మ దగ్గర ఆగండి. ఈ నెల ఎన్ని చిలపలు తీసింది, ఎంత చేతికొచ్చింది, పింఛను వస్తోందా, ఈ మూడూ అడిగి రాసుకోండి. వచ్చే వారం ఆ కాగితాలన్నీ పట్టుకుని కలెక్టరు ఆఫీసుకు వెళ్దాం.