పొదుపు: వడ్డీ రేటుకు అవతల

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల్లో స్త్రీలు మనల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. డబ్బు ఒకేసారి ఫిక్సెడ్ డిపాజిట్‌లో వెయ్యడం మంచిదా, నెలనెలా రికరింగ్ డిపాజిట్ కట్టడం మంచిదా? వడ్డీ రేట్ల పట్టికలో దీనికి సగం జవాబే దొరుకుతుంది.

ముందు ఆ సగం చూద్దాం. రెండింటికీ ఏడు శాతం వడ్డీ అనుకోండి. ఏడాది మొదట్లోనే 12,000 రూపాయలు వేసినామెకు సాధారణ వడ్డీ లెక్కన 840 రూపాయలొస్తాయి. నెలకు వెయ్యి కట్టినామెకు 455 మాత్రమే. ఇందులో మోసం లేదు. ఆమె మొదటి వెయ్యి పన్నెండు నెలలుంది, చివరి వెయ్యి ఒక్క నెలే ఉంది. కాబట్టి డబ్బంతా చేతిలో ఉంటే ఒకేసారి వెయ్యడమే లాభం. చేతిలో లేనప్పుడు ఈ పోలికకే అర్థం లేదు.

మరి ఏకమొత్తం ఎవరి చేతిలో ఉంటుంది? పంట అమ్మినా పొలం అమ్మినా డబ్బు ఎక్కువగా మగవాళ్ల చేతికే చేరుతుంది. స్త్రీకి మిగిలేవి కూలి డబ్బులు, ఇంటి ఖర్చులో మిగిల్చుకున్న చిల్లర. 2023లో కేంద్రం స్త్రీల కోసమంటూ తెచ్చి, 2025 మార్చితో ముగించిన మహిళా సమ్మాన్ పథకం 7.5 శాతం వడ్డీ ఇచ్చింది. కానీ ఒక ఖాతాలో ఒక్కసారే డబ్బు వెయ్యాలి. అదే 2023 అక్టోబరులో పోస్టాఫీసు ఆర్.డి.కి నిర్ణయించిన రేటు 6.7 శాతం. నెలకు వంద కూడబెట్టే స్త్రీకి దక్కింది తక్కువ రేటే.

పైగా ఆర్.డి. నెలజీతం వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకున్న పద్ధతి. వ్యవసాయ కూలీకి డబ్బు కనిపించేది నాట్లప్పుడు, కోతలప్పుడు. పోస్టాఫీసులో నెల తప్పితే వందకు రూపాయి అపరాధ రుసుం. వరసగా నాలుగు నెలలు తప్పి, మరో రెండు నెలల్లో సరిచేసుకోకపోతే ఇక కట్టనివ్వరు. అందుకే పని ఉన్న రోజుల్లో ముందు వాయిదాలు కూడా కట్టెయ్యొచ్చని మనం చెప్పాలి. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకో రూపాయి దాచారు. తమ రాబడి నడకకు తగ్గట్టు పొదుపును మలుచుకున్నారు.

ఇక రెండో సగం. ఐదేళ్ల ఆర్.డి. ముగిసిన రోజున ఆమె చేతికి మొదటిసారి ఏకమొత్తం వస్తుంది. కుటుంబమంతటికీ అవసరాలు గుర్తొచ్చేది ఆ రోజే. మోటారు సైకిలు, మరిది అప్పు, ఆడపడుచు పెళ్లి. పోనీ డిపాజిట్ చేద్దామంటే భర్త పేరున చేసి, ఆమెను నామినీగా రాస్తారు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదని సుప్రీంకోర్టు 2010లో బ్యాంకు డిపాజిట్ల విషయంలో స్పష్టం చేసింది. తన శ్రమతో సంపాదించిన ఆస్తి మీద హిందూ స్త్రీకి 1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్ సంపూర్ణ హక్కు ఇచ్చింది. ఆ శ్రమ మరొకరి పేరున చేరాక రుజువు చేసుకోవడం ఎంత కష్టమో కోర్టుల చుట్టూ తిరిగిన మనకు తెలుసు.

కాబట్టి ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి పోటీ కాదు. నెలవారీ పొదుపుతో డబ్బు పోగవుతుంది, ఫిక్సెడ్ డిపాజిట్‌లో అది నిలుస్తుంది. ఆ రెండింటి నడుమ వచ్చే ఆ ఒక్క రోజున సంఘం ఆమె పక్కన నిలబడాలి. పాసుబుక్కు మీద ఎవరి పేరుంది, అది ఎవరి పెట్టెలో ఉంది అని మన సమావేశాల్లో వడ్డీ రేటుకంటే ముందు అడుగుదాం.