నీటికాసులు: ముదిరేదాకా ఆగరాదు

(నౌపడలో జరిగిన నేత్రారోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాలు చూసి పదవీ విరమణ చేసినవారం. ఇతరుల పింఛను కాగితాలలో ఒక్క తేదీ తప్పిపోయినా పట్టుకున్న మేము, ఇంట్లో అబ్బాజాన్ చూపు నాలుగేళ్లుగా తరిగిపోతుంటే పట్టుకోలేకపోయాము. ఆ సిగ్గుతోనే నేడు మీ ముందు నిలిచాము.

భోజనానికి కూర్చుంటే ఆయన ఎడమ పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు తరచు దొర్లిపోయేది. గుమ్మం దాటుతుంటే భుజం తలుపుకు తగిలేది. ఎదుటి అక్షరం మాత్రం చక్కగా చదివేవారు. పత్రిక చదివే మనిషికి చూపు తగ్గిందని ఎవరనుకుంటారు? తరువాత మసక మొదలైతే అందరమూ శుక్లమన్నాము. “ముదరనివ్వండి, అప్పుడు ఆపరేషన్ చేయించవచ్చు” అన్నారు పెద్దలు. ఆగాము. చివరకు తీసుకువెళ్తే, శుక్లం కొద్దిగానే ఉందనీ, నీటికాసుల వల్ల కంటి నరం చాలావరకు దెబ్బతిన్నదనీ వైద్యుడు చెప్పారు. పోయిన చూపు వస్తుందా అని అడిగాము. రాదన్నారు.

శుక్లమంటే కంటిలోని కటకం మసకబారడం. కటకం మారిస్తే చూపు తిరిగి వస్తుంది. నీటికాసులు కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరానికి వచ్చే జబ్బు. కంటిలో నిత్యం ఊరే ద్రవం బయటికి పోయే దారి సరిగా లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. సుమారు పది లక్షల పోగులున్న ఆ నరం కొద్దికొద్దిగా నశిస్తుంది. ముందు పోయేది పక్కచూపు. సాధారణంగా నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. ఒక కంటి లోటును రెండవ కన్ను పూడ్చుకుంటూ వస్తుంది కనుక రోగికే తెలియదు. ఒక రకంలో మాత్రం హఠాత్తుగా కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు వచ్చి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. దానిని పైత్యమనుకొని ఒక్క రాత్రి కూడా ఆగకూడదు.

ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం 1996లో మొదలైంది. అందులో భాగంగా హైదరాబాదు నగరంలో 2,522 మందిని పరీక్షించారు. ప్రధాన రకం నీటికాసులు స్పష్టంగా తేలినవారు 27 మంది. తమకు ఆ జబ్బు ఉన్నదని అంతకుముందే తెలిసినవారు ఇద్దరే! సగానికి పైగా మందికి అప్పటికే నష్టం తీవ్రమైంది. అయిదుగురికి ఒక కన్నో, రెండు కళ్లో పోయాయి. మరొక సంగతి గమనించండి. ఆ 27 మందిలో 18 మందికి పరీక్షనాడు కంటి ఒత్తిడి 22 లోపే ఉంది. అంటే ఒత్తిడి కొలిచి “బాగానే ఉంది” అంటే చాలదు, లోపలి నరాన్ని చూడాలి. నగరంలోనే ఆ స్థితి అయితే మన ఊళ్ల మాట చెప్పనక్కరలేదు.

మన తీరంలో ఉప్పు మడుల ఎండ, తెల్లని మెరుపు, ఉప్పుగాలి. పలాస వైపు జీడి పిక్కలు కాల్చే పొగ. కళ్లు మండితే మందుల దుకాణంలో చుక్కలు కొని వేసుకుంటాము. చల్లబడితే అదే సీసా ఇంటిల్లిపాదికీ తిరుగుతుంది. ఆ చుక్కలలో స్టెరాయిడ్ ఉండి, వాటిని వారాల తరబడి వేసుకుంటే, కొందరికి కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులకు దారితీస్తుంది. ఉద్దానం కిడ్నీ రోగులకు ఇంకొక జాగ్రత్త. కంటి ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. అవి దెబ్బతిన్నవారికి ఆ మాత్ర ప్రమాదం. క్రియాటినిన్ రిపోర్టు కంటి వైద్యునికి చూపించండి. ఉబ్బసం ఉన్నవారు ఆ మాటా చెప్పాలి, టిమోలాల్ చుక్కలు వారికి పడవు.

ఈ జబ్బు ఉన్నవారి పిల్లలకూ తోబుట్టువులకూ ముప్పు ఎక్కువ. అబ్బాజాన్‌కు బయటపడ్డాక అన్నదమ్ములం నలుగురమూ పరీక్ష చేయించుకున్నాము. ఇద్దరికి ఉంది, వారిలో మేమొకరం. ఏడేళ్లుగా రాత్రికొక చుక్క వేసుకుంటున్నాము. ఈ కాగితాన్ని ఇప్పటికీ మేమే చదువుతున్నాము. అక్కచెల్లెళ్లను తీసుకువెళ్లడానికి మాత్రం మరో ఏడాది పట్టింది. ఎందుకో మీకు తెలుసు.

రంజాన్‌లో చుక్కలు మానేసేవారున్నారు. గొంతులోకి చేరినదానిని మింగకుండా ఉంటే కంటి చుక్కలతో ఉపవాసం భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో జిద్దాలో తీర్మానించింది. అయినా సందేహం తీరనివారు వైద్యుణ్ణి అడిగి సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చు. మానవద్దు.

కంటి శిబిరమంటే కళ్లద్దాలు, శుక్లాలు అన్నంతవరకే సాగుతోంది. నలభై దాటిన ప్రతి ఒక్కరికీ ఒత్తిడితో పాటు నరాన్ని కూడా చూడాలని అడిగే హక్కు పౌరులుగా మనకుంది. దీనికై రాసిన అర్జీ బల్ల మీద ఉంది, సంతకాలు చేయండి. నలభై దాటినవారు రెండేళ్లకొకసారి, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవారు ఏటా చూపించుకోవాలి.

సభ ముగిశాక పేర్లు రాయించండి, ఆడవారి పేర్లు ముందు. విశాఖపట్నం ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి జట్టుగా రైలులో వెళదాము. కంటిపాపను విప్పార్చే చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కనుక ఎవరూ బండి నడుపుకుంటూ రావద్దు. పాత చీటీలు, కళ్లద్దాలు, వాడుతున్న చుక్కల సీసాలు, కిడ్నీ రిపోర్టు ఒక సంచిలో పెట్టుకోండి.