వైద్యుఁడే బోధకుఁడు



చిరకాలము ఆసుపత్రివైద్యుఁడనుగాను, అధ్యాపకుఁడనుగాను పనిచేసిన నన్ను మన విద్యార్థులకు హితవు చెప్పుమని సంఘమువారు కోరిరి. ముందుగా నా లోపమునే చెప్పెదను. ఉద్యోగారంభమున నేను వాంతిభేదులతో వచ్చిన బిడ్డల తల్లులను వార్డు వెలుపలనే నిలిపెడివాఁడను. వారికేమియు నేర్పక పంపెడివాఁడను. ఆ బిడ్డలే అదే జాడ్యముతో మరల వచ్చిరి, కొందఱు రానేలేదు.

నా కనులు తెఱపించినది డాక్టరు దిలీప్ మహలనబిస్‌గారి చరిత్రము. 1971లో తూర్పు పాకిస్తానునుండి కాందిశీకులు వెల్లువవలె వచ్చిన బంగావ్‌లో, ఆ శిశువైద్యులు కలరారోగులకుఁ జికిత్స చేసిరి. ఆసుపత్రి గదులు నిండి రోగులు నేలపైఁ బడియుండిరి. సెలైను చాలదాయెను. దానిని మిక్కిలి క్షీణించినవారికై నిలిపి, తక్కినవారికి లీటరు నీటికి గ్లూకోజు 22, ఉప్పు 3.5, వంటసోడా 2.5 గ్రాముల చొప్పునఁ గలిపించిన ద్రావణమునిచ్చి, దానిని త్రాగించుట బంధువులకే నేర్పిరి. గ్లూకోజు ప్రేగులోనుండి లవణమును, దానితో నీటిని లోనికిఁ గొనిపోవును. నూటికి 30 వఱకున్న మరణములు 4 కంటెఁ దక్కువయ్యెను.

ఆయన 2022లో గతించిరి. పద్మవిభూషణ బిరుదము 2023లో వచ్చెను.

విద్యార్థులారా! ఆసుపత్రి దూరమైన పల్లెలో తొలి వైద్యురాలు తల్లియే. సంఘముయొక్క విద్యార్థివేతనముతో మీరు నేర్చినదానిని ఆమెకు నేర్పుఁడు. ఆ ఋణము తీర్చు మార్గమిదియే.