గుండ్లకమ్మలో ఒక రోజు

ఆదివారం పొద్దున మా గడ్డిఅన్నారం గల్లీల్లో నడుస్తుంటే ఎక్కడో ఒకచోట ప్రార్థన పాటలు వినిపిస్తాయి. కొన్ని క్రైస్తవ మందిరాల్లో నీళ్ల తొట్టి కూడా ఉంటుంది. బాప్తిస్మం తీసుకునే మనిషి తెల్లబట్టలతో నడుము లోతు నీళ్లలో నిలబడితే, పాస్టరుగారు వీపు కింద చెయ్యి వేసి, వెనక్కి వాల్చి ముంచి లేపుతారు. పాత బతుకును పాతిపెట్టి క్రీస్తుతో కూడా లేవడమని దాని అర్థం. కతోలికులు దీన్నే జ్ఞానస్నానం అంటారు. వాళ్లు పసిబిడ్డల తలమీద నీళ్లు పోస్తారు.

ఈ మాట ఎత్తితే నాకు ఒంగోలు దగ్గరి వెల్లంపల్లి గుర్తొస్తుంది. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కూలి కోసం మతం మారారనే మాట రాకూడదని, అడిగినవాళ్లకు కూడా ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఓపిక నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముంచింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే ఇంకో ఇద్దరు నీళ్లలోకి దిగేవారు.

నదిలో మునగడం ఒక్క రోజు పనే. ఊళ్లో మాత్రం రోజూ పరీక్షే. బాప్తిస్మం పొందిన మాదిగలు చచ్చిన పశువుల మాంసం మానేశారు, జాతర్లలో డప్పు కొట్టబోమన్నారు, ఆదివారం పనికి రామన్నారు. ఊరి పెద్దలు కోపించి వేధించినా, ఆ మాట మీదే నిలబడ్డారు.