మిగిలిపోయిన డాక్సీ బిళ్ళలు ఎక్కడున్నాయి?

ఈ ఎపిసోడ్ చూసే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద డబ్బానో, టీవీ కింద సొరుగో ఉంటుంది కదా, పాత మందులన్నీ పడేసే చోటు. అక్కడికి వెళ్ళి చూడండి. సగం వాడిన యాంటీబయాటిక్ స్ట్రిప్ ఒకటైనా కనిపిస్తుంది. దాని వెనక నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. ఆ గీతకు అర్థం ఏంటంటే, డాక్టర్ చీటీ లేకుండా ఈ మందు వాడకూడదు అని. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ ఎర్ర గీత గురించి పెద్ద ప్రచారమే చేసింది. అయినా మన డబ్బాల్లో ఆ స్ట్రిప్పులు అలాగే ఉన్నాయి.

ఈ రోజు మాట్లాడేది డాక్సీసైక్లిన్ గురించి. షాపులో అందరూ "డాక్సీ" అంటారు. మొటిమలకు రాస్తారు, ఛాతీ ఇన్ఫెక్షన్‌కు రాస్తారు, కొన్ని జ్వరాలకు రాస్తారు. ఒక్కో క్యాప్సూల్ కొన్ని రూపాయలే. చవకగా దొరుకుతుంది కాబట్టి దాని విలువ కూడా అంతే అనుకుంటాం. నేను కూడా అలాగే అనుకున్నాను. నేను ఫార్మసీ చదివి గుడివాడలో మందుల షాపు చూసుకుంటున్నాను. అంటే తెలియక అనుకున్నానని చెప్పడానికి కూడా లేదు.

మా మామయ్యది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు. వరి కోతలు అయ్యాక, మినుము చేలో పని చేసుకుంటున్న రోజుల్లో ఆయనకు జ్వరం పట్టుకుంది. ఊళ్ళో ఇంజెక్షన్లు చేసే ఒకాయన రక్త పరీక్ష చేయించి "టైఫాయిడ్" అన్నాడు. రోజూ ఒక సెలైన్, ఒక ఇంజెక్షన్. మూడో రోజు మామయ్య నాకు ఫోన్ చేసి, "అల్లుడూ, ఇదిగో ఈ ఇంజెక్షన్ చేస్తున్నారు, మంచిదేనా?" అని పేరు చదివించాడు. సెఫ్ట్రియాక్సోన్. నేను ఏమన్నానో తెలుసా? "మంచి పవర్ ఉన్న మందే మామయ్యా, కోర్సు పూర్తిగా చేయించుకో." అంతే. ఎన్ని రోజులుగా జ్వరం, ఒంటి మీద ఏమైనా మచ్చ ఉందా, చేలో పనికి వెళ్ళావా, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆరో రోజు ఆయనకు ఆయాసం మొదలైంది. కారులో పడుకోబెట్టి అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు తీసుకెళ్ళారు. అక్కడ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ముందు చొక్కా తీయించింది. చంకలు చూసింది. పంచె కాస్త కిందికి జరిపి నడుము చుట్టూ చూసింది. మొలతాడు కింద చిన్న నల్లటి పెచ్చు. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంది, నొప్పి లేదు, దురద లేదు. అందుకే ఆయనకే తెలియదు. "ఇది స్క్రబ్ టైఫస్ లాగుంది" అని అప్పటికప్పుడే డాక్సీ మొదలుపెట్టింది. పరీక్ష ఫలితం తర్వాత వచ్చింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది.

ఇక్కడ మీకు ఒక డౌట్ రావాలి. అంత "పవర్" ఉన్న ఇంజెక్షన్ మూడు నాలుగు రోజులు చేసినా పోని జ్వరం, ఈ మామూలు క్యాప్సూల్‌తో ఎలా పోయింది? ఇది అర్థమైతే యాంటీబయాటిక్స్ సంగతి సగం అర్థమైనట్టే.

మన కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువులు చూసే ఉంటారు. చెరువుకు గట్టే ప్రాణం. గట్టుకు గండి పడితే చెరువు పోయినట్టే. చాలా బ్యాక్టీరియాలకు కూడా చుట్టూ అలాంటి గట్టు ఉంటుంది, కణ కవచం అంటారు. అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు ఆ గట్టు కట్టే పనిని చెడగొడతాయి. బ్యాక్టీరియా పగిలి చస్తుంది. సూపర్. కానీ స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియా అనే బ్యాక్టీరియాకు ఆ గట్టు దాదాపు లేనట్టే. పైగా అది మన కణాల లోపలికి దూరి కూర్చుంటుంది. గట్టు లేని చోట గండి కొట్టడానికి ఎంత పెద్ద పొక్లెయిన్ తెచ్చినా ఏం లాభం?

డాక్సీ దారి వేరు. ఇది కణాల లోపలికి బాగా వెళ్తుంది. వెళ్ళి బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారు చేసుకునే చోట అడ్డం కూర్చుంటుంది. పెడనలో కలంకారీ అద్దకం చూశారా? ఒక అచ్చు పక్కనే ఇంకో అచ్చు, కొలత తప్పకుండా అద్దుకుంటూ పోతారు. బ్యాక్టీరియా లోపల రైబోజోమ్ అనే యంత్రం కూడా అలాగే, ఒక అమైనో ఆమ్లం పక్కన ఇంకోటి చేర్చుకుంటూ ప్రొటీన్ తయారు చేస్తుంది. సరిగ్గా తర్వాతి అచ్చు పడాల్సిన చోట మీరు చెయ్యి అడ్డం పెట్టారనుకోండి, పని ఆగిపోతుంది. డాక్సీ చేసేది అదే. మన రైబోజోమ్‌ల తయారీ వేరు కాబట్టి మన మీద ఆ దెబ్బ అంతగా పడదు.

ఒక ముఖ్యమైన విషయం. డాక్సీ చాలా వరకు బ్యాక్టీరియాను అక్కడికక్కడే చంపదు. పెరగకుండా ఆపుతుంది. ఆగిన దాన్ని తుడిచిపెట్టేది మన రోగనిరోధక శక్తి. దానికి టైం కావాలి. జ్వరం దిగినంత మాత్రాన లోపల పని అయిపోయినట్టు కాదు.

ఈ మందు కుటుంబానికీ మన వాళ్ళకూ ఒక చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. 1948లో దాన్ని ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ ఏడాదే సుబ్బారావు గారు చనిపోయారు. డాక్సీ ఆ ఇంటి మందే, 1960లలో వచ్చింది.

సరే, మన ప్రాంతానికి డాక్సీ ఎందుకు ముఖ్యం? రెండు జ్వరాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి స్క్రబ్ టైఫస్. చిగ్గర్ అనే, కంటికి సరిగా ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. గడ్డి, పొదలు, ఎలుకలు తిరిగే గట్లు దాని చోటు. 2025 చివర్లో విజయనగరం నుంచి చిత్తూరు దాకా దీని పేరు వార్తల్లో విన్నాం. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. పేరులో టైఫస్ ఉంది కానీ టైఫాయిడ్ కాదు, రెండూ వేరు. రెండోది ఎలుక జ్వరం, లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో పని చేసేటప్పుడు చర్మం మీద పగుళ్ళ గుండా ఒంట్లోకి వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా గుడివాడ పక్క నందివాడ మండలంలో ఊళ్ళు ఎలా మునిగాయో చూశాం కదా, అలాంటప్పుడు దీని భయం ఎక్కువ. 2018 వరదల్లో కేరళలో నీళ్ళలో పని చేసే వాళ్ళకు ముందు జాగ్రత్తగా డాక్సీ ఇచ్చారు. అది కూడా ఆరోగ్య సిబ్బంది చెప్పిన లెక్క ప్రకారమే, ఎవరికి వాళ్ళు వేసుకోవడం కాదు.

స్క్రబ్ టైఫస్ అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీ మొదలుపెట్టాలని వైద్యులకు ఐసీఎంఆర్ 2015 మార్గదర్శకాల్లో ఉంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. కాబట్టి జ్వరం తగ్గకుండా సాగుతుంటే ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు డాక్టర్‌కు మీరే చెప్పండి: చేలో పని చేశాను, నీళ్ళలో దిగాను, ఇన్ని రోజులుగా జ్వరం, ఇప్పటిదాకా ఈ మందులు వాడాను అని. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, రొమ్ముల కింద నల్ల పెచ్చు ఉందేమో ఇంట్లోనే చూసుకోండి. సిగ్గుపడొద్దు. అయితే చాలామందికి ఆ పెచ్చు ఉండదు. లేదు కాబట్టి స్క్రబ్ టైఫస్ కాదు అనుకోకండి. ఆయాసం, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడటం, మాట తికమక పడటం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు డాక్టర్ మీకు డాక్సీ రాశారనుకుందాం. ఎలా వేసుకోవాలి?

నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోండి, ఏదైనా తిన్నాక అయితే కడుపులో తిప్పడం తగ్గుతుంది. వేసుకున్నాక కనీసం అరగంట పడుకోవద్దు. ఇది చాదస్తం కాదు. గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే క్యాప్సూల్ అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. మంచినీళ్ళు కూడా మింగలేనంత మంట పుడుతుంది. అందుకే రాత్రి మందు భోజనం అయ్యాక వేసుకోండి, రీల్స్ చూసి చూసి నిద్ర ముంచుకొచ్చాక కాదు.

పాలతో వేసుకోవద్దు. ఐరన్, కాల్షియం బిళ్ళలు, గ్యాస్‌కు తాగే సిరప్‌లు కూడా దీనితో కలిపి వద్దు. అవి డాక్సీని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ముఖ్యంగా ఐరన్. రెండు మూడు గంటలైనా తేడా ఉంచండి, ఎంత అనేది డాక్టర్‌ని అడగండి.

ఎండ జాగ్రత్త. డాక్సీ వాడేటప్పుడు కొందరి చర్మం మామూలు ఎండకే కమిలిపోతుంది. చేలో పని ఉన్నా, బందరు రోడ్డు మీద బండి నడపాలన్నా ఫుల్ చేతుల చొక్కా, టోపీ.

గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు పళ్ళ రంగు మారే భయంతో ఈ కుటుంబం మందులు మామూలుగా ఇవ్వరు. కానీ స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణం మీదికి వచ్చే జబ్బులో కొద్ది రోజులు డాక్సీ ఇస్తారు. అక్కడ లాభమే ఎక్కువ. అది డాక్టర్ నిర్ణయం, గూగుల్ చూసి ఆపకండి.

మొటిమలకు వాడే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీ కోసం. డాక్సీ, ఐసోట్రెటినోయిన్ రెండూ ఒకేసారి వాడకూడదు. తలలో ఒత్తిడి పెరిగి చూపుకే ప్రమాదం. ఒక డాక్టర్ రాసింది, ఇన్‌స్టాలో ఎవరో చెప్పింది రెండూ కలిపేయకండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక వస్తే మందు ఆపి వెంటనే డాక్టర్‌ను కలవండి. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఇబ్బంది, రక్తంతో విరేచనాలు వచ్చినా అంతే.

ఒక డోసు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసు టైం దగ్గర పడితే అది వదిలేయండి. రెండూ కలిపి డబుల్ మాత్రం వద్దు. డేట్ అయిపోయిన స్ట్రిప్ ముట్టుకోవద్దు. పాడైపోయిన పాత టెట్రాసైక్లిన్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న సంఘటనలు వైద్య చరిత్రలో ఉన్నాయి.

ఇప్పుడు మామయ్య దగ్గరికి వద్దాం, కథ అయిపోలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. ఏడు రోజుల కోర్సు. నేను వెళ్ళింది ఐదో రోజు. "మందులేవి మామయ్యా?" అన్నాను. "జ్వరం పోయింది కదరా అల్లుడూ, పక్కింటాయనకు దగ్గు, జ్వరం అంటే మిగిలినవి ఆయనకిచ్చా. ఎంత మంచి మందో!" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు, సిగ్గేసింది. పేరు విని "మంచి మందే" అని ఫోన్లో చెప్పిన నేనూ, "ఎంత మంచి మందో" అని పక్కింటికి పంచిన ఆయనా చేసింది ఒకటే పని. జబ్బేంటో తెలుసుకోకుండా మందును మెచ్చుకున్నాం. ఆ రోజే డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగి, మామయ్యకు మిగతా రోజుల మందు మళ్ళీ తెచ్చాను. పక్కింటాయనది మామూలు జలుబు జ్వరం. వైరస్. వైరస్‌కు సొంత రైబోజోమ్ ఉండదు, డాక్సీ అక్కడ అడ్డుపెట్టడానికి ఏమీ లేదు.

"అయితే నష్టమేముంది, పని చేయదు అంతే కదా" అంటారా? నష్టం ఉంది. ఆయన పేగుల్లో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. అనవసరంగా మందు వేసినప్పుడల్లా తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. కొన్ని బ్యాక్టీరియాలకు మందును బయటికి తోడేసే పంపులు ఉంటాయి, మనం మునిగిన చేలోంచి డీజిల్ ఇంజన్‌తో నీళ్ళు తోడినట్టు. ఆ పంపు తయారీ విద్యను ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి ఇచ్చేస్తుంది కూడా. మన రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి వాటిని నిషేధించారు. అవశేషాలు దొరికితే విదేశాల వాళ్ళు సరుకు వెనక్కి పంపుతారు. రొయ్య ఒంట్లో మందు ఉందేమో అని అంత పట్టింపు ఉన్న మనకు, మన ఒంట్లోకి వెళ్ళే దాని లెక్క ఎందుకు లేదు?

షాపులో కూర్చునే వాడిగా నా వైపు మాట కూడా చెప్తాను. "జ్వరానికి నాలుగు బిళ్ళలివ్వు బాబూ" అని అడిగితే ఇచ్చేయడం సులువు. ఇవ్వకపోతే పక్క షాపుకు వెళ్తారు. తెలుసు. ఇప్పుడు నేను పారాసిటమాల్ ఇచ్చి, ఎన్ని రోజులుగా అని అడుగుతున్నాను. రోజులు ఎక్కువైతే చీటీ రాయించుకు రమ్మంటున్నాను. కొందరు విసుక్కుంటున్నారు. పర్లేదు.

ఇక మొదట చెప్పిన ఆ డబ్బా. అందులో మిగిలిన యాంటీబయాటిక్ ఉంటే ఎవరికీ ఇవ్వకండి, దాచుకోకండి, కాలవలో పారేయకండి. దగ్గర్లో మందుల షాపు వాళ్ళు వెనక్కి తీసుకుంటారేమో అడగండి. ఈసారి కోర్సు రాసినప్పుడు డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఏ జబ్బుకు, ఎన్ని రోజులు?" ఆ జవాబు స్ట్రిప్ మీద పెన్నుతో రాసుకోండి.

ఈ ఎపిసోడ్ మీ స్టేటస్‌లో పెట్టకపోయినా ఫర్వాలేదు. ఊళ్ళో చేలోకి వెళ్ళే మీ నాన్నకో, మామయ్యకో ఫోన్ చేసి, ఆ నల్ల పెచ్చు సంగతి ఒక్కటి చెప్పండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.