రూపాయి బలపడితే మన బజారు సంచీకి ఏమి ఒరుగుతుంది?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశం డబ్బు విలువ పెరిగితే సామాన్యుడి కొనుగోళ్లు ఎలా మారతాయి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఇది బ్యాంకుల వాళ్లూ, ఎగుమతి వ్యాపారులూ మాట్లాడుకోవలసిన విషయం గదా, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ హాల్లో కూర్చున్న వాళ్లల్లో సౌదీలోనో, దుబాయిలోనో, ఖతర్‌లోనో మనిషి లేని ఇళ్లు ఎన్ని వున్నాయో మీరే లెక్క వేసుకోండి. సంపాదన ఒక దేశపు డబ్బులో, ఖర్చు ఇంకో దేశపు డబ్బులో జరిగే ఇళ్లు మనవి. అందుచేత మారకం రేటు అనేది మన వంటింటి సంగతే.

ముందు మాటకు అర్థం చూద్దాం. పత్రికలో డాలరు 44 రూపాయల నుంచి 39 రూపాయలకు దిగింది అని రాస్తే, అంకె తగ్గింది గనుక రూపాయి పడిపోయిందని కొందరు పొరబడతారు. నిజానికి అది రూపాయి బలపడటం. ఇదివరకు ఒక డాలరు కొనటానికి 44 రూపాయలు కావాలి, ఇప్పుడు 39 చాలు. అంటే విదేశం నుంచి వచ్చే సరుకు మనకు చవక కావాలి. లెక్క ప్రకారం అంతే. కాని కాగితం మీది లెక్క బజారులో అలాగే నడుస్తుందా? నడవదు. ఎందుకు నడవదో తెలుసుకోవటానికి ముందు రెండు పరాయి దేశాలు చూసి, తరువాత మన ఇంటికి వద్దాం.

మొదటిది కెనడా. 2002 ప్రారంభంలో కెనడా డాలరు అమెరికా సెంట్లలో 62 మాత్రమే చేసేది. అక్కడినుంచి పెరుగుతూ పెరుగుతూ 2007 సెప్టెంబరు 20న అమెరికా డాలరుతో సమానమైంది. 1976 తరువాత అలా జరగటం అదే మొదలు. నవంబరులో ఇంకా పైకి పోయి 1 డాలరు 10 సెంట్ల దాకా వెళ్లింది. మరి కెనడా దుకాణాల్లో ధరలు తగ్గాయా? జనం వూహించినంతగా తగ్గలేదు. ఆ సంగతి అందరికీ కళ్లకు కట్టింది పుస్తకాల అట్ట మీద. అక్కడి పుస్తకాలకు వెనక అట్ట మీద రెండు ధరలు అచ్చువేసేవారు, అమెరికాలో ఇంత, కెనడాలో ఇంత అని. రెండు డాలర్లూ సమానమైపోయాక కూడా కెనడా ధర నాలుగైదు డాలర్లు ఎక్కువగా కనిపిస్తుంటే కొనేవాడికి వొళ్లు మండదా? దుకాణంవాళ్లను నిలదీశారు. ఆ దేశపు ఆర్థికమంత్రి జిమ్ ఫ్లాహర్టీ 2007 అక్టోబరులో దుకాణదారులను పిలిపించి, ధరలు తగ్గించండి అని చెప్పవలసి వచ్చింది.

దుకాణదారుల వాదనలో అబద్ధం లేదు. అరల్లో వున్న సరుకు నెలల క్రితం పాత రేటుకు కొన్నది. అద్దెలూ, జీతాలూ కెనడా డాలర్లలోనే ఇవ్వాలి, అవేమీ తగ్గలేదు. అయినా కొనేవాడు వూరుకోలేదు. కారెక్కి సరిహద్దు దాటి అమెరికా వూళ్లలో కొనటం మొదలుపెట్టాడు. కెనడా జనాభాలో ఎక్కువమంది సరిహద్దుకు దగ్గరగానే వుంటారు గనుక అది కష్టమేమీ కాదు. ముందు బట్టలు, బూట్లు, ఆ పైన పెట్రోలు, పాలు, చివరికి కార్లు. 2012 జూన్ 1 నుంచి ప్రభుత్వమే పన్ను లేకుండా తెచ్చుకునే పరిమితి పెంచింది. 24 గంటలు బయట వుండి వచ్చినవారికి 50 డాలర్ల నుంచి 200కు, 48 గంటలు వున్నవారికి 400 నుంచి 800కు. అమెరికా డాలరు మళ్లీ బలపడి, 2016 జనవరిలో కెనడా డాలరు 70 సెంట్ల కిందికి దిగాక ఆ ప్రయాణాల్లో లాభం లేకుండా పోయింది.

రెండవది స్విట్జర్లాండు. 2011 సెప్టెంబరు 6న ఆ దేశపు కేంద్ర బ్యాంకు, యూరో ధరను 1.20 ఫ్రాంకులకు తగ్గనివ్వము అని ప్రకటించి, మూడేళ్లకు పైగా ఆ మాట నిలబెట్టింది. 2015 జనవరి 15న హఠాత్తుగా ఆ కట్టు తీసేసింది. ఫ్రాంకు ఒక్క పూటలో ఎగిరి, కొద్ది రోజుల్లో యూరోతో ఇంచుమించు సమానంగా నిలబడింది. అంతకు నెల ముందే, 2014 డిసెంబరులో, బాసెల్ నగరపు 8వ నంబరు ట్రామును సరిహద్దు దాటించి జర్మనీలోని వైల్ అనే వూరిదాకా పొడిగించారు. ఇంకేం, టిక్కెట్టు కొని సంచీ పట్టుకుని ట్రామెక్కితే చాలు, పరదేశపు బజారు. కాన్‌స్టాంజ్ అనే జర్మన్ పట్టణం సరిగ్గా స్విట్జర్లాండును ఆనుకుని వుంది. శనివారం వస్తే అక్కడి రోడ్లు స్విస్ కార్లతో నిండిపోయేవి.

వాళ్లకు ఇంకో లాభం కూడా వుంది. జర్మనీలో మామూలు సరుకుల మీద అమ్మకపు పన్ను 19 శాతం. సరుకు దేశం బయటికి తీసుకుపోతున్నాము అని ఒక పచ్చ కాగితం నింపి కస్టమ్స్ ముద్ర వేయిస్తే ఆ పన్ను తిరిగి వస్తుంది. ఏటా కోటికి పైగా కాగితాలకు ముద్రలు కొట్టలేక ఉద్యోగులు అలిసిపోయేవారు. చివరికి జర్మనీ 2020 జనవరి నుంచి, 50 యూరోలకు మించిన కొనుగోలుకే పన్ను వాపసు అని గీత గీసింది. ఇటు స్విట్జర్లాండు కూడా పన్ను లేకుండా తెచ్చుకునే పరిమితిని మనిషికి రోజుకు 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గించింది, 2025 జనవరి 1 నుంచి.

మరి స్విస్ దుకాణాలు ఏం చేశాయి? గిరాకీ పోతుంటే చూస్తూ కూర్చోలేదు. యూరో దేశాల నుంచి వచ్చే సరుకుల ధరలు తగ్గిస్తున్నామని పెద్ద దుకాణాల సంస్థలు కొద్ది రోజుల్లోనే ప్రకటించాయి. 2015లో ఆ దేశంలో సగటు ధరలు 1.1 శాతం తగ్గాయి కూడా. అదే సరుకును పక్క దేశంలో ఒక ధరకూ, తమకు ఎక్కువ ధరకూ అమ్మే కంపెనీల మీద ఫిర్యాదు చేసుకునే వీలు కల్పిస్తూ 2022 జనవరి నుంచి చట్టం కూడా మార్చుకున్నారు.

ఈ రెండు దేశాల కథలో మనం గ్రహించవలసింది ఒకటే. డబ్బు బలపడిన లాభం దానంతట అది నడిచి కొనేవాడి సంచీలోకి రాదు. తయారుచేసేవాడి దగ్గర కొంత, దిగుమతిదారు దగ్గర కొంత, దుకాణంలో కొంత ఆగిపోతుంది. కొనేవాడు ధర అడిగి, పోల్చి, అవసరమైతే ఇంకో చోటికి పోతేనే ఎంతో కొంత కిందికి జారుతుంది. ఎవరికి ట్రాము వుందో వారికి త్వరగా జారుతుంది. ట్రాము లేనివారి మాటేమిటి? అక్కడే మన కథ మొదలవుతుంది.

2007 మొదట్లో డాలరు సుమారు 44 రూపాయలు. ఆ ఏడాది చివరికి సుమారు 39 రూపాయల 40 పైసలు. అంటే రూపాయి బాగా బలపడింది. బజారులో మనకేమైనా కనిపించిందా? నూనె సంగతి చూడండి. ముడి చమురు ధర పెరిగి పెరిగి 2008 జనవరి మొదటి వారంలో బారెలుకు 100 డాలర్లు తాకింది. రూపాయి బలపడిన లాభాన్ని ఆ పెరుగుదల మింగేసింది. పైగా ఆ రోజుల్లో పెట్రోలు ధర ప్రభుత్వమే నిర్ణయించేది, 2010 జూన్ దాకా. బంగారం చూడండి. ఆ ఏడాది డాలర్లలో దాని ధర 30 శాతం దాకా పెరిగింది. రూపాయి బలపడటం వల్ల మన దగ్గర పెరుగుదల అందులో సగానికి కాస్త పైన మాత్రమే. లాభం జరిగింది, కాని తులం ధర పెరిగిందనే అందరూ చూశారు. పెరగవలసినంత పెరగలేదు అనే సంగతి ఎవరి కంటికీ ఆనదు. ఇక బియ్యం, కూరగాయలు, ఇంటి అద్దె, పిల్లల ఫీజు, వీటికి డాలరుతో నేరుగా సంబంధం చాలా తక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 చొప్పున కట్టివేసి వుంది. డాలరు ఎటు పోతే రియాలు అటే పోతుంది. నెలకు 1,000 రియాళ్లు పంపే మనిషిని తీసుకోండి. 2007 జనవరిలో ఆ డబ్బు ఇక్కడ సుమారు 11,700 రూపాయలు. అదే ఏడాది చివరికి 10,500. అక్కడ అతని చెమట ఏమీ తగ్గలేదు, జీతం ఏమీ తగ్గలేదు. ఇక్కడ ఇంట్లో మాత్రం నెలకు 1,200 రూపాయలు కరిగిపోయాయి. వీసా కోసం చేసిన అప్పుకు వడ్డీ రూపాయల్లో కట్టాలి, అది ఒక్క పైసా తగ్గదు. దేశమంతా రూపాయి బలపడిందని సంతోషిస్తున్న నెలల్లో అలాంటి ఇల్లు కిరాణా కొట్టులో అప్పు రాయించుకోవలసి వస్తుంది. ఎగుమతిదారులు గొడవ పెడితే ప్రభుత్వం వారికి 2007లోనే కొంత వూరట ప్రకటించింది. శ్రమను ఎగుమతి చేసే మనిషి తరఫున గొడవ పెట్టేవారు తక్కువ.

పైగా, ఇలాంటి ఇంట్లో లోటు ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఇల్లు నడిపే ఆడవాళ్లకు. డబ్బు పంపిన భర్తకు, అంతే పంపాను గదా, ఎందుకు చాలదు అనిపిస్తుంది. ఇక్కడ భార్యకు, అంతే ఖర్చు పెడుతున్నాను గదా, ఎందుకు మిగలదు అనిపిస్తుంది. ఇద్దరి మాటా నిజమే. మధ్యలో మారింది రేటు. ఈ చిన్న లెక్క తెలియక ఫోనులో మాటా మాటా పెరిగితే ఎంత అన్యాయం! అనుమానానికి తావు ఇవ్వకముందే రేటు ఎంత అని అడగండి.

2008లో గాలి తిరిగింది. ఆ అక్టోబరుకల్లా డాలరు 50 రూపాయల దగ్గరికి వచ్చింది. అదే 1,000 రియాళ్లు ఇప్పుడు 13,000 పైచిలుకు. ఆ తరువాత సంవత్సరాల్లో రూపాయి మొత్తం మీద తగ్గుతూనే వచ్చింది గనుక, రేటు ఎప్పుడూ పెరుగుతుందనే ధీమా చాలా ఇళ్లల్లో పాతుకుపోయింది. ఆ ధీమాతో వాయిదాల మీద సామాను, తాహతుకు మించిన పెళ్లి ఖర్చు, కట్టలేని ఇల్లు మొదలవుతాయి. 2007 మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. రేటు ఎక్కినప్పుడు మరిగిన ఖర్చు, రేటు దిగినప్పుడు మానటం చాలా కష్టం.

అందుచేత మన కుటుంబాలకు నాలుగు సంగతులు మనవి చేస్తున్నాను.

ఒకటి. నెల బడ్జెటు ఈనాటి రేటుతో వేసుకోకండి. నూటికి పది తగ్గించి వేసుకోండి. మిగిలింది దాచండి, లేదా అప్పులో కట్టండి. రేటు బాగున్న నెలలే అప్పు తీర్చే నెలలు.

రెండు. రూపాయి బలపడిన రోజుల్లో విదేశీ సరుకు కొనవలసి వస్తే, ఫోను గాని, టీవీ గాని, తొందరపడకండి. పాత రేటుకు తెచ్చిన సరుకు అమ్ముడుపోవాలి, అప్పుడు గాని కొత్త ధర రాదు. మూడు దుకాణాల్లో అడగండి. ధర ఎందుకు తగ్గలేదని అడగటం తప్పు కాదు. కెనడా వాళ్లు అడిగారు గనుకనే మంత్రిదాకా పోయింది. చవకగా వుంది గదా అని అవసరం లేనిది కొంటే ఆ లాభమూ పోయినట్టే.

మూడు. గల్ఫు నుంచి వచ్చేటప్పుడు అక్కడ చవక అని సామాను మూటగట్టే ముందు, ఆనాటి రేటుతో రూపాయల్లోకి మార్చి ఇక్కడి ధరతో పోల్చండి. పరిమితి దాటితే కట్టవలసిన సుంకం కూడా కలపండి. రూపాయి బలహీనంగా వున్నప్పుడు అక్కడి చవక ఇక్కడికి వచ్చేసరికి చవక కాకపోవచ్చు.

నాలుగు. డబ్బు పంపేటప్పుడు రేటు ఒక్కటే చూడకండి. రుసుము పోను చేతికి ఎన్ని రూపాయలు వస్తాయి అన్నదే అసలు లెక్క. ఇంటి ఖర్చు డబ్బును, రేటు పెరుగుతుందేమో అని ఆపి వుంచకండి. పిల్లవాడి ఫీజు గడువు రేటు కోసం ఆగదు.

ఇక సంఘానికి ఒక చిన్న మనవి. మన ఆఫీసు గోడ మీద ఒక పలక పెట్టి, వారానికి ఒకసారి రియాలుకు, దిర్హముకు ఎన్ని రూపాయలో రాయండి. చదువుకున్న పిల్లలు ఒకరిద్దరు కూర్చుని, అడిగిన తల్లులకు ఆ లెక్క విప్పి చెప్పండి. దీనికి పెద్ద ఖర్చు లేదు, నిధులు అక్కరలేదు. సరిహద్దు దాటే ట్రాము మనకు లేకపోయినా లెక్క మన చేతిలో వుంటుంది. లెక్క తెలిసిన ఇల్లాలిని ఏ దుకాణమూ, ఏ ఏజెంటూ అంత తేలికగా మోసం చేయలేరు.