వదలడం దానం కాదు
(దేవస్థానం ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



శరణాగతిని వివరించడానికి శ్రీవైష్ణవ సంప్రదాయంలో పెద్దలు రెండు దృష్టాంతాలు చెబుతారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొని ఉంటుంది. అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు. తల్లియే దానిని నోట కరచుకొని క్షేమమైన చోటికి చేరుస్తుంది. అది మార్జాలకిశోర న్యాయం. మొదటిది వడగలై వారి మతానికి, రెండవది తెంగలై వారి మతానికి ఉదాహరణగా ప్రసిద్ధం. ఈ మండపంలోనే నేను దీనిని ఎన్ని పర్యాయాలు వివరించానో లెక్క లేదు. అయితే నిజమైన పిల్లి ఒకటి నా చేతికి వచ్చినప్పుడు నేనేమి చేశానో ఈనాడు మీ ఎదుట చెప్పుకోవలసి ఉన్నది.

మా ఇంట 11 ఏళ్లుగా ఒక పిల్లి ఉండేది. వానాకాలంలో గాదె కింద దొరికిన కూనను నా ధర్మపత్ని చేరదీసి, చిట్టి అని పేరు పెట్టింది. ఆవిడ పరమపదించిన తరువాత అది ఆవిడ కూర్చునే పీట మీదనే పడుకొనేది. 76 ఏళ్ల వయస్సులో ఒంటరిగా ఉండడం తగదని, కిందటేడు మా అబ్బాయి నన్ను తన ఇంటికి రమ్మన్నాడు. మనుమడికి ఉబ్బసం. పిల్లితో ఒకే ఇంట ఉండడం ఆ పిల్లవాడికి పడదని వైద్యుని మాట.

ఒక మిత్రుడు ఉపాయం చెప్పాడు. "గుడిలో వదలండి. ప్రసాదానికి లోటు లేదు, ఎలుకలకూ లోటు లేదు. స్వామి చూసుకొంటాడు" అన్నాడు. ఆ మాట నాకు రుచించింది. స్వామికి సమర్పిస్తున్నానని మనస్సుకు సర్దిచెప్పుకొని, ఒకనాటి తెల్లవారుజామున బుట్టలో పెట్టి తెచ్చి వంటశాల వెనుక దించాను. మూత తీశాను. అది బయటకు రాలేదు. గోడ మీద రెండు గండుపిల్లులు, ఆవల కుక్కలు. గంగాళాలు తోముతున్న ఒక అమ్మ తలయెత్తి, "అయ్యగారూ, మీరు కూడానా?" అన్నది. "ఇట్లా వదిలిపోయేవాళ్లు చాలామంది. ఇళ్లల్లో పెరిగిన ముసలివి వారం తిరక్కుండానే కనబడకుండా పోతాయి."

కఠోపనిషత్తు ఆరంభం మీకు తెలుసు. వాజశ్రవసుడు యజ్ఞదక్షిణగా ఇచ్చినవి పాలు వట్టిపోయి, ఇక మేతకూ నీటికీ శక్తి లేని ముసలి ఆవులు. తనకు బరువైన దానిని వదిలించుకొని దానికి దానమని పేరు పెట్టాడు. కుమారుడైన నచికేతుడు బాలుడై ఉండీ ఆ దోషాన్ని గ్రహించాడు. ఏళ్ల తరబడి ఆ ఉపనిషత్తును పాఠం చెప్పిన నేను గ్రహించలేదు. పాత్రలు తోమే అమ్మ చెప్పవలసి వచ్చింది. బుట్టకు మూత వేసి ఇంటికి తీసుకొని పోయాను. నా రాక ఆలస్యమవుతుందని అబ్బాయికి కబురు చేశాను.

ముందుగా చిట్టిని పశువైద్యునికి చూపించాను. పళ్లు అరిగిపోయాయని, నీరు అధికంగా తాగడం మూత్రపిండాల బలహీనత వల్లనని పరీక్షించి చెప్పాడు. టీకా వేశాడు. పెరుగన్నంతో పెంచామని చెబితే నవ్వి, పిల్లి శరీరం మాంసాహారానికే ఏర్పడినదని, అందులోని టారిన్ అనే పదార్థం అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయని వివరించాడు. అనగా ఇన్నేళ్లూ అది మా పెరుగన్నంతో కాదు, తాను పట్టుకొన్న ఎలుకలతో బతికినదన్నమాట! మా ఆచారం మాకు ధర్మం. దాని స్వభావం దానికి ధర్మం. కొత్త ఇల్లు మా వంటి ఇల్లే కావాలన్న పట్టుదలను అక్కడే విడిచాను.

అడిగినవారందరూ కూన అయితే తీసుకొంటామన్నారు. ధాన్యపు కొట్లో ఎలుకలకు పనికివస్తుందని ఒకరు ముందుకు వచ్చారు. ఆ వయస్సులో దానికి తగదని నేనే వద్దన్నాను. చివరకు ఒంటరిగా ఉంటున్న ఒక విశ్రాంత నర్సు ఒప్పుకొన్నారు. వయస్సు, పళ్లు, మూత్రపిండాలు, రాత్రివేళ పీట దగ్గర అరిచే అలవాటు, ఏదీ దాచలేదు. దోషం దాచి ఇవ్వడం వాజశ్రవసుని దారియే కదా! ఆమె అంతా విని, "నాకూ అరవై దాటాయండీ, నేనూ మాత్రలు మింగుతున్నాను. ఇద్దరం ఒకే వేళకు వేసుకొంటాం" అన్నారు.

పిల్లికి మనిషితో పాటు చోటు కూడా ముఖ్యం. కొత్త ఇంట వెంటనే విడిచిపెడితే పాత ఇంటిని వెదుకుతూ పోయి దారి తప్పుతుంది. అందువల్ల మొదట ఒకే గదిలో ఉంచాము. దాని గిన్నె, ఆ పీట, ఆవిడ పాతచీర ఒకటి తోడుగా పంపాను. ఆహారాన్ని కూడా కొద్దికొద్దిగానే మార్చారు. మొదటి రోజంతా మంచం కింది నుండి రాలేదు. రెండవ రాత్రి చేపముక్క తిన్నదని ఆమె ఫోను చేసినప్పుడు నేను సంధ్యావందనం ముగించి కూర్చున్నాను. ఎందుకో కన్నీరు ఆగలేదు. మందుల ఖర్చు నాదని, ఎన్నడైనా కుదరకపోతే నాకే కబురు చేయాలని ముందే మాట తీసుకొన్నాను.

భక్తులారా, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును అకారణంగా వదిలివేయడం నేరం. చట్టం లేకపోయినా అది పాపమే. గోవైనా, పిల్లియైనా, పోషణకు ఏర్పాటు చేసి ఇస్తే దానం. గుడి గోడ పక్కన దించిపోతే అది దానం కాదు, స్వామి పేరిట మన బరువు దించుకోవడం. విధిలేక ఇవ్వవలసి వస్తే, తగిన చోటు దొరికేదాకా ఓపిక పట్టండి.

మార్జాలకిశోర న్యాయం వింటున్నప్పుడు మనలను మనం ఎల్లప్పుడూ కూనగానే భావించుకొంటాము. ఒక్కొక్కప్పుడు తల్లిపిల్లి వంతు మన మీద పడుతుంది. తల్లిపిల్లి కూనను దారిలో దించదు.

స్వస్తి.